ఫాగ్ లైట్లు, యూఎస్‌బీ ఛార్జర్ పెట్టించాక బైక్ మొరాయిస్తోందా? బ్యాటరీ మార్చే ముందు మల్టీమీటర్‌తో ఇవి చూడండి

బైక్ కొన్న కొత్తలో చాలామంది చేసే మొదటి పని యాక్సెసరీల షాపుకి వెళ్లడం. మొబైల్ హోల్డర్, దానికో యూఎస్‌బీ ఛార్జర్, రెండు ఫాగ్ లైట్లు, డబుల్ హార్న్, ఎల్ఈడీ ఇండికేటర్లు, ఈమధ్య అయితే జీపీఎస్ ట్రాకర్ కూడా. షాపులో గంటలో అన్నీ బిగించేస్తారు. స్విచ్ వేస్తే అన్నీ వెలుగుతాయి, డబ్బులిచ్చి వచ్చేస్తాం. అసలు కథ రెండు మూడు వారాల తర్వాత మొదలవుతుంది. పొద్దున్నే సెల్ఫ్ నొక్కితే టక్‌టక్‌మని శబ్దం వస్తుంది తప్ప ఇంజిన్ తిరగదు. లెఫ్ట్ ఇండికేటర్ వేస్తే నాలుగూ వెలుగుతాయి. హార్న్ కొట్టినప్పుడల్లా హెడ్‌లైట్ డిమ్ అవుతుంది. మెకానిక్ దగ్గరికి తోసుకెళ్తే ఎక్కువసార్లు వచ్చే సమాధానం ఒక్కటే: "బ్యాటరీ పోయింది, మార్చాలి."

నేను చూసిన బైక్‌లలో చాలావాటికి బ్యాటరీ పోలేదు. ఒకవేళ పోయినా అది ఫలితమే, కారణం వేరే చోట ఉంది. అందుకే కొత్త బ్యాటరీ వేస్తే కొన్నాళ్లు బాగుంటుంది, తర్వాత మళ్లీ అదే టక్‌టక్. ఫోన్‌లో ఛార్జింగ్ నిలవకపోతే ఏ యాప్ తింటోందో సెట్టింగ్స్‌లోకి వెళ్లి చూస్తాం కదా. బైక్‌కి ఆ సెట్టింగ్స్ పేజీ మల్టీమీటరే. 500 రూపాయలకి అటూ ఇటూగా దొరికే మామూలు డిజిటల్ మల్టీమీటర్ చాలు, అందులో 10 ఆంపియర్ల డీసీ రేంజ్ ఉంటే సరిపోతుంది.

ఇదంతా ఇప్పుడు ఎందుకంత ముఖ్యం అంటే, పాత కార్బ్యురేటర్ బైక్‌లలో చాలావాటికి బ్యాటరీ పూర్తిగా చచ్చిపోయినా కిక్ కొడితే బండి కదిలేది. మన దేశంలో 2017 ఏప్రిల్ 1 నుంచి కొత్త టూవీలర్లలో హెడ్‌లైట్ ఎప్పుడూ వెలిగే ఉంటోంది, ఆఫ్ చేసే స్విచ్ లేదు. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 వచ్చాక దాదాపు అన్ని బైక్‌లూ ఫ్యూయల్ ఇంజెక్షన్‌కి మారిపోయాయి. అంటే పెట్రోల్ పంప్, ఇంజెక్టర్, ఈసీయూ అన్నీ కరెంటు మీదే నడుస్తాయి. చాలా బైక్‌లకి కిక్కే లేదు. వోల్టేజ్ పడిపోతే రాత్రి పదింటికి హైవే మీద మీరూ, మీ ఫాగ్ లైట్లూ మిగులుతారు, అవి కూడా వెలగవు.

బైక్‌లో కరెంటు లెక్క

ఇంజిన్ తిరిగితే మాగ్నెట్ కాయిల్ ఏసీ కరెంటు తయారు చేస్తుంది. ఆర్ఆర్ యూనిట్, అంటే రెగ్యులేటర్ రెక్టిఫయర్, దాన్ని డీసీగా మార్చి వోల్టేజ్‌ని అదుపులో పెడుతుంది. అది బ్యాటరీకి, మిగతా వాటికి వెళ్తుంది. ఇక్కడ చాలామంది మర్చిపోయే విషయం ఏంటంటే, మాగ్నెట్ ఇచ్చే కరెంటుకి ఒక పరిమితి ఉంది, అది కూడా ఇంజిన్ స్పీడ్‌ని బట్టి మారుతుంది. ఐడ్లింగ్‌లో తక్కువ, రేజ్ చేస్తే ఎక్కువ. కంపెనీ వాళ్లు తమ బైక్‌లో ఉన్న లైట్లు, పంపు, మీటర్ లెక్కేసి, కొంచెం మిగులు ఉంచి డిజైన్ చేస్తారు. మనం పెట్టించే ప్రతి వస్తువూ ఆ మిగులులోంచే తినాలి.

లెక్క కట్టడం తేలిక. వాట్లని 12తో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి. ఒక్కోటి 20 వాట్ల ఎల్ఈడీ ఫాగ్ లైట్లు రెండు అంటే 40 వాట్లు, సుమారు 3.3 ఆంపియర్లు. అదే 55 వాట్ల హాలోజన్ బల్బులు రెండు పెడితే 9 ఆంపియర్ల పైనే, చిన్న బైక్‌కి అది మోయలేని బరువు. ఫోన్‌ని 18 వాట్ల ఫాస్ట్ ఛార్జింగ్‌లో పెడితే, మధ్యలో పోయేది కలుపుకుని, ఒకటిన్నర ఆంపియర్ల పైన పోతుంది. అన్నట్టు ఫాగ్ లైట్ బాక్స్ మీద 100 వాట్లు, 200 వాట్లు అని రాసి ఉంటే నమ్మకండి. అరచేతిలో పట్టే లైటు నిజంగా అన్ని వాట్లు తింటే ఆ వేడికి ఎక్కువసేపు బతకదు. మీటర్ పెట్టి చూస్తే అసలు సంఖ్య తెలిసిపోతుంది.

ముందు వోల్టేజ్

మీటర్‌ని 20 వోల్టుల డీసీ రేంజ్‌లో పెట్టి, ఎర్ర ప్రోబ్ బ్యాటరీ ప్లస్‌కి, నల్లది మైనస్‌కి పెట్టండి. బైక్ ఆపి కనీసం రెండు మూడు గంటలైనా అయ్యాక చూస్తేనే సరైన రీడింగ్ వస్తుంది. ఇంజిన్ ఆపిన వెంటనే చూస్తే బ్యాటరీ ఉన్నదానికంటే బాగున్నట్టు కనిపిస్తుంది. మామూలు లెడ్ యాసిడ్ బ్యాటరీ ఫుల్‌గా ఉంటే 12.6 నుంచి 12.8 మధ్య చూపిస్తుంది. 12.2 అంటే సగం దిగిపోయినట్టు. 12 కంటే తక్కువైతే దాదాపు ఖాళీ. లిథియం బ్యాటరీ వేయించుకున్నవాళ్లకి ఈ సంఖ్యలు వర్తించవు, వాటి వోల్టేజ్ మామూలుగానే ఎక్కువ ఉంటుంది.

తర్వాత మీటర్ అలాగే ఉంచి సెల్ఫ్ నొక్కండి. ఆ క్షణంలో వోల్టేజ్ పడుతుంది, అది సహజం. ఫుల్ ఛార్జ్‌లో ఉన్న బ్యాటరీ కూడా 9.5 కంటే కిందకి జారిపోతుంటే అప్పుడు బ్యాటరీని అనుమానించండి. ఖాళీ బ్యాటరీ మీద ఈ టెస్ట్ చేసి బ్యాటరీ పోయిందని తేల్చేయకూడదు, ముందు బయట ఛార్జర్‌తో ఫుల్ చేయాలి. షాపుల్లో జరిగే పొరపాటు ఎక్కువగా ఇదే.

మూడోది ఛార్జింగ్. ఇంజిన్ స్టార్ట్ చేసి సుమారు 4,000 ఆర్‌పీఎమ్ దాకా రేజ్ చేసి పట్టుకోండి. 13.5 నుంచి 14.5 మధ్య ఉంటే మాగ్నెట్, ఆర్ఆర్ యూనిట్ రెండూ పనిచేస్తున్నాయి. రేజ్ చేసినా 12.5 దగ్గరే ఉండిపోతే ఛార్జింగ్ అవట్లేదు. 15 దాటిపోతుంటే ఆర్ఆర్ యూనిట్ పోయింది, ఆ బైక్‌ని అలాగే నడిపితే బ్యాటరీ ఉడికిపోతుంది, బల్బులూ ఈసీయూ కూడా రిస్క్‌లో పడతాయి.

ఇప్పుడు అసలు పరీక్ష. ఐడ్లింగ్‌లో, యాక్సెసరీలన్నీ ఆఫ్ చేసి ఒక రీడింగ్, అన్నీ ఆన్ చేసి ఒక రీడింగ్ రాసుకోండి. అన్నీ ఆన్ చేసినప్పుడు వోల్టేజ్ 12.6 కంటే కిందకి వచ్చి, మెల్లగా ఇంకా దిగుతూ ఉంటే, ఆ సమయంలో మాగ్నెట్ కాదు, బ్యాటరీయే మీ లైట్లని మోస్తోందని అర్థం. హైవే మీద ఇది సమస్య కాదు, ఎందుకంటే అక్కడ ఇంజిన్ ఎప్పుడూ స్పీడ్‌లోనే ఉంటుంది. సిటీలో సిగ్నల్ సిగ్నల్‌కీ ఆగేవాళ్లకి మాత్రం ప్రతి సిగ్నల్ దగ్గరా బ్యాటరీ కొంచెం కొంచెం కరిగిపోతుంది.

తాళం తీసేశాక తింటున్నది ఎవరు?

మా బాబాయ్ కొడుకు ఎల్‌బీ నగర్‌లో ఉంటాడు. 150 సీసీ ఫ్యూయల్ ఇంజెక్షన్ బైక్. శుక్రవారం రాత్రి బైక్ పార్క్ చేసి బస్సులో సూర్యాపేట వెళ్తాడు, సోమవారం పొద్దున్నే వచ్చి ఆఫీస్‌కి బయల్దేరాలి. సోమవారం బండి స్టార్ట్ అవదు. మిగతా రోజులు బాగానే ఉంటుంది. ఆరు నెలల్లో రెండు బ్యాటరీలు మార్చాడు. "అన్నా, ఈసారి బ్యాటరీ కంపెనీ గూడ మార్చిన, అయినా అంతే" అన్నాడు. సోమవారం మాత్రమే వచ్చే సమస్య అనగానే నా అనుమానం ఛార్జింగ్ మీద నుంచి పార్కింగ్ మీదకి వెళ్లింది. బైక్ నిలబడి ఉన్నప్పుడే ఏదో తింటోంది.

పై రీడింగ్‌లు తీస్తే ఛార్జింగ్ పక్కాగా ఉంది, 4,000 దగ్గర 14.1. ఐడ్లింగ్‌లో ఫాగ్ లైట్లు వేస్తే మాత్రం 12.4కి వచ్చింది. సరే, అది పక్కన పెట్టి, తాళం తీసేశాక పోయే కరెంటు కొలిచాను.

దీనికి పద్ధతి వేరు, కొంచెం జాగ్రత్త కావాలి. కీ ఆఫ్‌లో ఉండాలి. మీటర్ ఎర్ర ప్రోబ్‌ని 10ఏ అని రాసి ఉన్న సాకెట్‌లోకి మార్చి, నాబ్‌ని 10 ఆంపియర్ల రేంజ్‌లో పెట్టాలి. బ్యాటరీ మైనస్ వైర్ ఊడదీసి, ఆ వైర్‌కీ బ్యాటరీ మైనస్‌కీ మధ్యలో మీటర్ పెట్టాలి. అంటే కరెంటు మొత్తం మీటర్‌లోంచే వెళ్లాలి. మీటర్ ఇలా ఉన్నంతసేపూ పొరపాటున కూడా కీ ఆన్ చేయకూడదు, సెల్ఫ్ నొక్కకూడదు. స్టార్టర్ మోటార్ లాగే కరెంటుకి మీటర్ తట్టుకోలేదు. చౌక మీటర్లలో ఈ 10 ఆంపియర్ల సాకెట్‌కి లోపల ఫ్యూజ్ కూడా ఉండదు. పని అయిపోగానే ప్రోబ్‌ని మళ్లీ వోల్టేజ్ సాకెట్‌లోకి మార్చేయండి. మర్చిపోయి అలాగే బ్యాటరీ రెండు టెర్మినళ్లకి పెడితే అది నేరుగా షార్ట్ సర్క్యూటే, మీటర్ వైర్లు చేతిలోనే కాలతాయి.

10 ఆంపియర్ల రేంజ్‌లో రీడింగ్ 0.2 కంటే తక్కువ అని తేలాక 200 మిల్లీ ఆంపియర్ల రేంజ్‌కి మారితే సరైన సంఖ్య కనిపిస్తుంది. మార్చాక ఒకటి రెండు నిమిషాలు ఆగండి, ఎలక్ట్రానిక్స్ నిద్రలోకి జారుకోవడానికి ఆమాత్రం టైమ్ కావాలి. మీటర్‌లో గడియారం, ఈసీయూ మెమరీ లాంటి వాటి కోసం బైక్ సొంతంగా తినేది కొన్ని మిల్లీ ఆంపియర్లే ఉండాలి.

మా వాడి బైక్‌లో 58 వచ్చింది.

చూడ్డానికి చిన్న సంఖ్య. లెక్క వేయండి. శుక్రవారం రాత్రి 9 నుంచి సోమవారం ఉదయం 9 దాకా 60 గంటలు. 58ని 60తో గుణిస్తే 3,480 మిల్లీ ఆంపియర్ అవర్లు, అంటే దాదాపు మూడున్నర ఏహెచ్. అతని బ్యాటరీ 6 ఏహెచ్. వీకెండ్‌లో సగానికి పైగా ఖాళీ. దానికి తోడు సిటీ ట్రాఫిక్‌లో ఫాగ్ లైట్లు వేసుకుని తిరుగుతాడు కాబట్టి శుక్రవారానికే అది ఫుల్‌గా ఉండదు. లెడ్ యాసిడ్ బ్యాటరీని ఇలా పదేపదే లోతుగా దించితే ప్లేట్ల మీద సల్ఫేట్ పేరుకుని నిజంగానే పాడవుతుంది. రెండు బ్యాటరీలూ చచ్చింది అలాగే.

ఇక ఎవరు తింటున్నారో పట్టుకోవాలి. ఒక్కొక్క యాక్సెసరీ ఫ్యూజ్ లేదా కప్లర్ తీస్తూ మీటర్ చూడాలి. యూఎస్‌బీ ఛార్జర్ తీశాను, 24 తగ్గింది. ఆ ఛార్జర్ మీద వోల్టేజ్ చూపించే చిన్న ఎర్ర డిస్‌ప్లే ఉంది, షాపులో దాన్ని నేరుగా బ్యాటరీకి కలిపేశారు, రాత్రీ పగలూ వెలుగుతూనే ఉంది. ట్రాకర్ తీస్తే మరో 31 దాకా తగ్గింది. మిగిలిన 3 బైక్‌ది. ఛార్జర్‌ని కీ ఆన్ చేస్తేనే కరెంటు వచ్చే లైన్‌కి మార్చాం. ట్రాకర్‌ని అలా మార్చలేం, దొంగ కీ లేకుండా తీసుకెళ్తే పనికిరాకుండా పోతుంది. దాని యాప్‌లో స్లీప్ మోడ్ ఉంటే ఆన్ చేశాం, బైక్ కదలనప్పుడు 6 దగ్గరికి వచ్చింది. ట్రాకర్ కొనేటప్పుడు యాప్ ఎంత అందంగా ఉందని కాదు, స్లీప్‌లో ఎంత కరెంటు తింటుందో అడగండి.

ఎర్త్, జాయింట్లు

బ్యాటరీ బాగుంది, ఛార్జింగ్ బాగుంది, అయినా లైట్లు మినుకుమినుకుమంటున్నాయంటే తొంభై శాతం ఎర్తింగే అని నా అనుభవం. ఫాగ్ లైట్ మైనస్ వైర్‌ని దగ్గర్లో ఏ బోల్ట్ దొరికితే దానికి చుట్టేస్తారు. ఫ్రేమ్ మీద పెయింట్ ఉంటుంది, పెయింట్ కరెంటుని పోనివ్వదు. మొదట్లో బోల్ట్ మరల గుండా ఎలాగో పనిచేస్తుంది, రెండు వానలు పడ్డాక తుప్పు పట్టి అది కూడా పోతుంది.

దీన్ని ఓం రేంజ్‌లో కొలిస్తే దొరకదు. కరెంటు పారుతున్నప్పుడే కొలవాలి. ఇంజిన్ ఆన్, ఫాగ్ లైట్లు ఆన్. మీటర్‌ని మళ్లీ డీసీ వోల్టేజ్‌లో పెట్టి నల్ల ప్రోబ్ బ్యాటరీ మైనస్ మీద, ఎర్ర ప్రోబ్ లైటు మైనస్ వైర్ మీద. ఎర్త్ బాగుంటే దాదాపు సున్నా రావాలి. 0.2 వోల్టులు దాటితే ఆ దారిలో ఎక్కడో జాయింట్ బాలేదు. 1 వోల్ట్ కనిపించిందంటే ఆ జాయింట్ ఈపాటికే వేడెక్కుతోంది. ఇదే పద్ధతి ప్లస్ వైపు కూడా చేయొచ్చు, బ్యాటరీ ప్లస్‌కీ లైటు ప్లస్‌కీ మధ్య. సన్న వైర్ వాడితే అక్కడ దొరికిపోతుంది. 0.5 స్క్వేర్ ఎంఎం రాగి వైర్ రెండు మీటర్లకి సుమారు 0.07 ఓం ఉంటుంది, 9 ఆంపియర్లు పంపితే 0.6 వోల్ట్ ఆ వైర్‌లోనే వేడిగా పోతుంది.

జాయింట్ల గురించి ఎంత చెప్పినా తక్కువే. కంపెనీ వైర్‌ని మధ్యలో చెక్కి, కొత్త వైర్ మెలిపెట్టి, ఇన్సులేషన్ టేప్ చుట్టడం మన దగ్గర జాతీయ పద్ధతి. ట్యాంక్ కింద వేడికి టేప్ జిగురు కరిగి జారిపోతుంది, లోపలికి నీళ్లు పోయి రాగి పచ్చగా మారుతుంది. గట్టిగా సోల్డర్ చేస్తే నయం అనుకుంటాం కానీ, బైక్ వైబ్రేషన్‌కి సోల్డర్ అయిపోయే చోట వైర్ తెగుతుంది. సరైన సైజు టెర్మినల్‌తో క్రింప్ చేసి, హీట్ ష్రింక్ స్లీవ్ వేయడమే మంచిది. వీలైతే కంపెనీ వైర్ కోయకుండా అదే మోడల్‌కి దొరికే కప్లర్ వాడండి. వైర్ కోసి ఉంటే సర్వీస్ సెంటర్లలో ఎలక్ట్రికల్ వారంటీ తిరస్కరించే అవకాశం కూడా ఉంటుంది.

ఇండికేటర్ల వింత

ఎల్ఈడీ ఇండికేటర్లు వేయించాక టకటకా వేగంగా కొట్టుకోవడం నిజానికి తప్పు కాదు, ఫ్లాషర్ తన పని తాను చేస్తోంది. ముందు, వెనక 10 వాట్ల బల్బులు ఉన్నప్పుడు దాని గుండా ఒకటిన్నర ఆంపియర్ల పైన పోయేది. ఎల్ఈడీలకి అందులో పదో వంతు చాలు. లోడ్ తగ్గేసరికి ఒక బల్బు మాడిపోయిందని అది అనుకుంటుంది. ఎల్ఈడీకి పనిచేసే ఫ్లాషర్ రిలే వేస్తే పోతుంది. కొందరు రెసిస్టర్లు వేస్తారు, అవి పాత బల్బులంత కరెంటునే వేడిగా తగలేస్తాయి. ప్లాస్టిక్ పక్కన కట్టారంటే కరిగిపోతుంది. ఫ్లాషర్ విడిగా లేని బైక్‌లకి వేరే దారి ఉండదు, అప్పుడు ఆ రెసిస్టర్‌ని లోహపు బ్రాకెట్ మీదే బిగించాలి.

ఒక వైపు వేస్తే నాలుగూ వెలగడం ఇంకా తమాషా. మీటర్‌లో లెఫ్ట్, రైట్ రెండింటికీ కలిపి ఒకే ఇండికేటర్ బల్బు ఉన్న బైక్‌లలో ఇది వస్తుంది. ఆ చిన్న బల్బు లెఫ్ట్ లైన్‌కీ రైట్ లైన్‌కీ మధ్య కట్టి ఉంటుంది. లెఫ్ట్ వేస్తే కరెంటు ఆ బల్బు గుండా రైట్ వైపు బల్బుల్లోంచి ఎర్త్‌కి పోతుంది. పాత ఫిలమెంట్ బల్బులకి ఆ కొంచెం కరెంటు చాలదు, వెలగవు. ఎల్ఈడీలకి అదే ఎక్కువ. మీటర్ బల్బు ఒక కాలుని ఎర్త్‌కి ఇచ్చేసి, రెండో కాలికి లెఫ్ట్ నుంచి ఒకటి, రైట్ నుంచి ఒకటి డయోడ్‌లు వేస్తే సమస్య తీరుతుంది. 1ఎన్4007 డయోడ్ ఎలక్ట్రానిక్స్ షాపులో కొన్ని రూపాయలే. వెండి గీత ఉన్న వైపు బల్బు దిక్కుకి ఉండాలి.

రిలే, ఫ్యూజ్ లేకుండా ఏదీ వద్దు

ఫాగ్ లైట్లకీ, డబుల్ హార్న్‌కీ రిలే తప్పనిసరి. హ్యాండిల్ మీద ఉండే చిన్న స్విచ్ అంత కరెంటు కోసం చేసింది కాదు, లోపలి కాంటాక్టులు కాలిపోతాయి. రిలే మీద నాలుగు అంకెలు ఉంటాయి. 30కి బ్యాటరీ ప్లస్, ఫ్యూజ్ గుండా. 87 నుంచి లైటుకి. 86కి కీ ఆన్ చేస్తే కరెంటు వచ్చే వైర్, స్విచ్ గుండా. 85 ఎర్త్. ఇలా కడితే కీ తీయగానే లైట్లు వాటంతటవే ఆఫ్ అవుతాయి, మర్చిపోయే ప్రశ్నే లేదు.

ఫ్యూజ్ బ్యాటరీకి జానెడు దూరంలోనే ఉండాలి. లైటు దగ్గర పెడితే మధ్యలో వైర్ ఫ్రేమ్‌కి రాసుకుని షార్ట్ అయినప్పుడు దాన్ని కాపాడేవాళ్లుండరు. ఫ్యూజ్ ఉన్నది లైటు కోసం కాదు, వైర్ కోసం. 40 వాట్లకి 5 ఆంపియర్ల ఫ్యూజ్ చాలు. అది మాటిమాటికీ పోతోందని 20 వేయడం, సిగరెట్ ప్యాకెట్ వెండి కాగితం చుట్టడం చేస్తే, తర్వాత మాడేది పెట్రోల్ ట్యాంక్ కిందున్న వైరింగ్. ఈ ఒక్క విషయంలో మాత్రం నేను ఎవరితోనూ రాజీపడను, అలా చుట్టి ఉన్న బైక్ కనిపిస్తే ముందు అది పీకేశాకే మిగతా మాట.

ఈసారి ఏదైనా బిగించుకోవడానికి షాపుకి వెళ్తే మీటర్ జేబులో పెట్టుకెళ్లండి. బిగించడానికి ముందు కీ ఆఫ్‌లో ఎన్ని మిల్లీ ఆంపియర్లు, బిగించాక ఎన్ని, డబ్బులిచ్చే ముందే అక్కడే చూసుకోండి. షాపు వాళ్లు కొంచెం చిరాకు పడొచ్చు, రెండు నిమిషాల పనే కదా, పడనివ్వండి.